అబ్బులు మోసిన నింద

మచిలీపట్నం,
బుధవారం.

సుచిత్రకు,

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. క్షేమమే. నువ్వూ, కళ్యాణ్, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఫోన్ ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. గుడివాడ డ్యూటీకి వస్తూ మీ జేమ్స్ మావయ్య ఇది నీ చేతికిస్తాడు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. గుడివాడ వచ్చి ఉండమన్నావు, రాను. పాప ఫొటో అందింది. మీ అమ్మ నుదురే.

ఇక టీవీ. అది పాత బోర్డుతోనే మళ్ళీ నడుస్తోందని పక్కింటి భాగ్యమ్మ నీకు చెప్పింది. "బోర్డు పోయింది, దొరకదు అన్నవాడు ఇప్పుడు అదే బోర్డుతో ఎలా నడిపించాడు? అమ్మ బతికుండగా ఎందుకు చెయ్యలేదు?" అని రాశావు. చర్చి మైకు పని అబ్బులు చేతిలోంచి తీసెయ్యమని పాస్టరు గారికీ రాశావు. ఆదివారం కమిటీ తేలుస్తుంది. ఆ మైకు పనే వాడికి ఆధారం. వాడి రిపేరు దుకాణంలో టీవీలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు.

ఎందుకు బాగు చేయించారని కూడా అడిగావు. చూడ్డానికి కాదు. ఆ నల్ల అద్దం ఎదురుగా కూర్చోలేక.

మొదట నేనే ప్రయత్నించాను. ప్లగ్గు తీసి అదే సాకెట్‌లో టేబుల్ లైటు పెడితే వెలిగింది. తీగ మార్చాను. ప్లగ్గు పీకి, టీవీ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, మళ్ళీ పెట్టాను. కింద ఎర్ర దీపం రాలేదు. దీపమే లేనప్పుడు తప్పు రిమోట్‌ది కాదు. అబ్బుల్ని పిలిచాను. రాడనుకున్నాను. వచ్చాడు.

వెనక మూత విప్పి మీటరు పెట్టాడు. పవర్ బోర్డు మీద రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి.

"బందరు ఉప్పుగాలండీ మాస్టారూ. పది నెలలు ఖాళీగా పడుంటే ఇనప్పెట్టె కూడా పాడైపోద్ది."

ఆ రెండూ మార్చాడు. ఎర్ర దీపం వచ్చింది. మూత బిగిస్తూ అన్నాడు: "కాలేజీలో ముప్పయ్యేళ్ళు ఫిజిక్సు చెప్పారు. ఫ్యూజు పీకితే ఆరిపోద్దని మీకు తెలుసు. మళ్ళీ పెట్టినా వెలగదని మాత్రం తెలీలేదు."

ఫ్యూజు పీకింది నేను. ఈసారి వాణ్ణి పిలిచే ముందు మళ్ళీ పెట్టిందీ నేనే.

అప్పటికి వారాలే మిగిలాయని డాక్టరు నాకు చెప్పాడు. మీ అమ్మకు చెప్పలేదు. హాల్లో మంచం మీద పొద్దుట్నుంచీ టీవీ చూసేది. ఏదన్నా మాట్లాడబోతే "ఆగండి, ఈ ముక్క అవ్వనివ్వండి" అనేది. ఆ మిగిలిన రోజులు నాకు కావాలనిపించింది. ఒక మధ్యాహ్నం ఆయా స్నానం చేయిస్తుండగా మూత విప్పి, గాజు ఫ్యూజు క్లిప్పుల్లోంచి లాగి జేబులో వేసుకున్నాను.

మీ అమ్మే పట్టుబట్టి అబ్బుల్ని పిలిపించింది. వాడు మూత తీసి ఖాళీ క్లిప్పులు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏమైంది అబ్బులూ?" మంచం మీంచి అడిగింది.

"బోర్డు పోయిందమ్మగారూ. ఈ మోడలుకి దొరకదు."

అలా చెప్పమని నేను అడగలేదు. కాదనీ అనలేదు.

తర్వాత పంతొమ్మిది రోజులు బతికింది. నేననుకున్నట్టు మాట్లాడలేదు. టీవీ నల్ల అద్దంలో కిటికీ కనిపించేది, దాన్నే చూసింది. ఒకసారి మాత్రం అడిగింది: "ఇంకోటి తెప్పించొచ్చుగా అండీ?" చూద్దాం అన్నాను.

సమాధి కార్యక్రమం నాడు మీ అమ్మ శవపెట్టె ఇంకా ఇంట్లోనే ఉంది. నువ్వు గుమ్మంలో, ఊరందరి ముందూ, "మంచి బోర్డు పీకి అమ్ముకున్నావు గదరా! మా అమ్మ గోడ చూస్తూ పోయింది" అని అబ్బుల్ని అన్నావు. నీకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాణ్ణి. వాడు నా వైపు చూడను కూడా చూడకుండా "తప్పైపోయిందమ్మా" అని మెట్లు దిగాడు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. మాట్లాడలేదు.

నీ నోరు మంచిది కాదు. నా మౌనం అంతకంటే మంచిది కాదు. ఆ రెండింటి మధ్యా ఒక మనిషి పది నెలలు దొంగగా బతికాడు.

క్షమించమని నిన్ను అడగను. అడగాల్సిన మనిషి లేదు. నువ్వు పాస్టరు గారికి రాసింది వెనక్కి తీసుకుంటే సరే. తీసుకోకపోయినా, ఆదివారం ఆరాధన అయ్యాక, కమిటీ కూర్చునే ముందు నేను లేచి ఇదంతా చెప్తాను. ఆ మైకులోనే చెప్తాను. నీకు ఇంకొకరి ద్వారా తెలియకూడదని ముందుగా రాశాను.

వస్తే ముందు వరుసలో కూర్చో. నేను మాట్లాడేటప్పుడు నన్ను చూడకు. అబ్బుల్ని చూడు.

ఇట్లు,
ఇకమీదట కూడా అలాగే పిలుస్తానంటే,
నాన్న.