శనివారం మైకుకి బ్యాటరీలు

సింహాద్రీ,

ఏడింటి బస్సుకి సెయింట్ పియర్ వెళ్తున్నాను. బడిలో పరీక్షలు, సాయంత్రం ఆలస్యమవుతుంది. శనివారం భజన మైకు కోసం నువ్వు తెచ్చిన పాత గోల్ఫ్ బండి బ్యాటరీలు నాలుగూ హైడ్రోమీటరుతో మళ్లీ చూశాను. మొదటిది బాగుంది. రెండోదానిలో, నాలుగోదానిలో ఒక్కో సెల్లు చచ్చిపోయింది. వాటిని మంచిదానితో కలపకు, దాన్నీ పాడుచేస్తాయి. నీళ్లు తగ్గినచోట వాననీళ్లే నింపు, కుళాయివి వద్దు. షెడ్డులో చెక్కమీద, నీడన పెట్టు. ఛార్జి అవుతున్నప్పుడు దగ్గర బీడీ వెలిగించొద్దని నాన్నకి చెప్పు. నేను చెబితే వినడు.

అమ్మ వాటికి పసుపు రాసి బొట్లు పెట్టింది. తడి పసుపు టెర్మినళ్ల మధ్య పాకితే ఛార్జి కారిపోతుంది. వంటసోడా కలిపిన నీళ్లగుడ్డతో తుడిచేశాను. నాకు డిగ్రీ వచ్చినప్పుడు ఆ కాగితానికి ఎవరూ బొట్టు పెట్టలేదు. నాన్న చెల్లమ్మ కొట్టుదాకా వెళ్లి మరీ, "మా సిన్నోడు సెయ్యేస్తే సచ్చిన బత్రీ అయినా లేస్తాది" అని చెప్పొచ్చాడు. ఏది బతికుందో, ఏది చచ్చిందో చూసి చెబుతున్నది నేనని ఆయనకి తెలీదు. నువ్వూ చెప్పలేదు.

అక్క

మూడోది కూడా పోయిందని నిన్న నీతో అబద్ధం చెప్పాను. అది మొదటిదానంత బాగుంది. మైకుకి రెండు కావాలి, ఆ రెండూ కలుపు. బ్యాటరీలు చాలక ఈసారి మైకు నావల్ల కాదని నాన్నతో ఇంకా అనకపోతే, అనకు.