గంగొస్తుంది, మీదికి రాండ్రి

అక్కకు,

నీ తమ్ముడు మల్లేశం ఇంత దూరం నుంచే నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నాడు. నేను ఇక్కడ మంచిగానే ఉన్నాను, నా గురించి ఫికర్ చేయకు. నువ్వు, అవ్వ, మేనకోడలు సుజాత పానాలు బాగుండాలని కొండగట్టు అంజన్న మీద భారం వేసి మొదలుపెడుతున్నాను. అవ్వ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? నేను పంపిన నూనె రాసుకుంటోందా, చుట్టాలకు చూపించడానికి అల్మారాలో దాచిందా?

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుతావు. ఫోన్‌లో నేను ఒకటంటే నువ్వు రెండంటావు, ఆ తరువాత ఇద్దరం ఏడుస్తాం, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. మన పక్క ఊరి లింబన్న సెలవు మీద వస్తున్నాడు. ఈ కాగితాలు, ఒక చిన్న డబ్బా అతని చేతికిస్తున్నాను. ఉత్తరం చదివిన తరువాతే డబ్బా విప్పు. విప్పకుండా ఉండలేవని నాకు తెలుసు, అయినా చెప్తున్నాను. ఇంకో మాట, కాగితం ముందు పెట్టుకుంటే బడిలో పంతులు కొట్టి నేర్పిన భాషే చేతికొస్తోంది. వెక్కిరించకు.

నాకు పని మారింది. ఇటుకలు మోసే పని పోయింది, ఆ దుమ్ము పోయింది. ఇప్పుడు గుట్టల నడుమ ఒక డ్యామ్ దగ్గర పడవల పని. నమ్ముతావా? డ్యామ్ కాడ పుట్టినోడు ఎడారికి పోయినా డ్యామ్ కాడికే చేరాడు! ఇక్కడ నది లేదు. కింద ఒక చెరువు, గుట్ట మీద ఒక చెరువు. పగలు ఎండతో పుట్టిన కరెంటుతో కింది నీళ్ళను మీదికి ఎక్కిస్తారట, కరెంటు కావాలన్నప్పుడు మళ్ళీ కిందికి వదిలి మిషన్లు తిప్పుతారట. మన అవ్వ వింటే, "గింత కష్టమెందుకురా, మా గంగను తోల్కపోరాదా" అంటుంది.

సెలవు రోజుల్లో జనం పిల్లాజెల్లతో వస్తారు, చిన్న చిన్న పడవలు తొక్కుతారు. వాళ్ళకు లైఫ్ జాకెట్లు తొడిగి, బెల్టులు బిగించి, పడవ నెట్టడం నా పని. మెడలో ఒక సీటీ వేలాడదీశారు. నేను సీటీ ఊదానంటే ఎంత పెద్ద సేఠ్ అయినా పడవ తిప్పుకొని ఒడ్డుకు రావలసిందే. ఎందుకు, ఏమిటి అని ఒక్కడూ అడగడు. మొదటి రోజు అది చూసి నా కండ్లలో నీళ్ళు తిరిగాయి అక్కా. సూపర్‌వైజర్ కేరళ మనిషి, మంచోడే, ఎండ కొట్టిందేమోనని మజ్జిగ తెచ్చిచ్చాడు.

ఎండ మాత్రం నిప్పులే. వాన చుట్టపుచూపుగా కూడా రాదు. తిండికి లోటు లేదు, కుబూస్ రొట్టె, పప్పు. ఆదివారం నేనే పచ్చిపులుసు చేస్తే రూములో వాళ్ళందరూ గిన్నె నాకారు. లింబన్న తిరిగి వచ్చేటప్పుడు మామిడి తొక్కు, కొన్ని ఎండు చేపలు పంపు. చేపలు గట్టిగా కట్టు, పోయినసారి విమానంలో లింబన్న పరువు పోయింది.

ఇంక అసలు మాట. మిరుగం కార్తె నాడు చేపల బండి మళ్ళీ పెడుతున్నానని అన్నావు. పెట్టు, వద్దనను. మిరుగానికి జనం చేప ముక్క నోట్లో వేసుకోకుండా ఉండరు, నీ చేతి వేపుడు తిన్నవాళ్ళు మళ్ళీ రాకుండా ఉండరు. కానీ ఆ తరువాత ఒక మాటన్నావు చూడు, "సైరన్ మోగితె నేనే కిందికి దిగి పిలుస్త తమ్మీ. నువ్వు లేవు, ఆయన లేడు, ఇంకెవలున్నరు?" అని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం పోవడం లేదు.

మన జనం సంగతి నీకు తెలియనిదా! డ్యామ్ సైరన్ మోగేదే నీళ్ళు వదులుతున్నామని, ఏటి నుంచి బయటికి రమ్మని. మన దగ్గరేమో అది మోగితే ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా బండ్లేసుకొని ఏటికి ఉరుకుతారు, "గేట్లెత్తుతున్నరట, పా పా" అని. కింద బండల మీద కూర్చున్నవాళ్ళేమో గేట్ల దిక్కు చూస్తారు. గేట్లు మూసే ఉంటాయి. ఉత్తగనే మోగుతోంది అనుకుంటారు. పవర్‌హౌస్ నుంచి వచ్చే నీళ్ళకు గేట్లతో పని లేదని, చప్పుడు లేకుండా వస్తాయని వాళ్ళకేం తెలుసు? బావ ఎప్పుడూ అనేవాడు, "గేట్ల దిక్కు సూడకు, ఏటి నడుమ బర్రెరాయి దిక్కు సూడు. దాని మెడ తడిసిందా, ఇంక ఉరుకుడే" అని.

నేనున్నప్పుడు సైరన్ మొదలవ్వగానే కట్ట రాయి మీదికెక్కి అరిచేవాణ్ణి, "గంగొస్తుంది, మీదికి రాండ్రి!" అని. నా గొంతు సంగతి తెలిసిందే కదా, నేను మాట్లాడితే పక్కూరి కుక్కలు మొరుగుతాయని అవ్వ తిట్టేది. ఒకసారి పట్నం పోరగాళ్ళు, "గంగ ఎవలన్నా? వస్తె రానీ, ఇంకో కుర్చీ వేపియ్" అన్నారు. గోదారిని మేం గంగ అంటామని వాళ్ళకు తెలియదు. బావ నవ్వి నవ్వి పొయ్యి కాడే కూలబడ్డాడు. ఆ నవ్వు ఇప్పటికీ వినపడుతుంది.

పోయిన వానాకాలం నేను ఇక్కడ ఉన్నాను. శ్రీరాంపూర్ నుంచి వచ్చి కింద బండల మీద కూర్చున్న ఆ బొగ్గుబాయి కుటుంబం తప్పు కూడా పెద్దగా లేదు. పుట్టినప్పటి నుంచి షిఫ్టు సైరన్ వింటూ పెరిగినవాళ్ళు. ఆ పెద్దమనిషి, "డ్యూటీ సైరన్ లెక్కనే ఉందిరా" అని నవ్వి అన్నం కలుపుకున్నాడని నువ్వే చెప్పావు. సైరన్ అంటే వాళ్ళకు గంట కొట్టడమే, పారిపొమ్మనడం కాదు. బావ దిగాడు, అందరినీ మీదికి తోలాడు, ముసలామెను భుజాల మీద మోశాడు. మళ్ళీ కుర్చీల కోసం వెనక్కి తిరిగాడు, ఇంక మీదికి రాలేదు.

అక్కా, "కుర్చీలు, కుర్చీలు అని నేనే అన్న తమ్మీ" అని ఏడాదిగా ఏడుస్తున్నావు. ఆ చప్పుడులో నువ్వన్నది బావకు వినపడే ఉండదు. వినపడినా, వినపడకపోయినా అతను వెనక్కి తిరిగేవాడే. తెగిన చెప్పు కూడా పారేయని మనిషి ప్లాస్టిక్ కుర్చీని ఏటికి వదులుతాడా? మాట వరుసకు గంగలో కలిస్తే కలవనీ అంటాం. ఆ రోజు ఎవరైనా ఆ మాట గట్టిగా అని ఉంటే బాగుండేది. నేనుంటే అనేవాణ్ణి. మట్టి వేయడానికి కూడా రాలేకపోయాను, ఫోన్‌లో చూశాను. ఆ బాధ నా వెంటే వస్తుంది, దానికేం మందు లేదు. నువ్వు మాత్రం నీ నెత్తిన వేసుకోకు. నీ తప్పు లేదు. మళ్ళీ చెప్తున్నా, నీ తప్పు లేదు.

కానీ ఆ తప్పు కడుక్కోవాలని నువ్వు ఏట్లోకి దిగుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. సుజాతకు తండ్రి లేడు, తల్లి కూడా లేకుండా పోవాలా?

ఇప్పుడు డబ్బా విప్పు. కూరగాయల బండి మీద టమాట టమాట అని దానంతటదే అరిచే మైకు చూశావు కదా, అదే. అందులో నా గొంతు ఎక్కించాను. సైరన్ వినగానే పచ్చ బటన్ నొక్కు, చాలు, ఆపేదాకా అరుస్తూనే ఉంటుంది. "గంగొస్తుంది, నీళ్ళొస్తున్నయ్, మీదికి రాండ్రి" అన్నాను, పట్నం పోరగాళ్ళకు కూడా తెలిసేటట్టు. మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్ళ కోసం మరాఠీలో "పాణీ ఆలం, వర్ యా" అని కూడా కలిపాను. నువ్వు కట్ట మీదే ఉండు. ఒక్క మెట్టు కూడా దిగకు. బండి కట్ట మీద, కుర్చీలు కట్ట మీద. ఎవడైనా కింద బండల మీద కూర్చుంటానంటే వాడికి చేప అమ్మకు.

అది ఎక్కించడానికి పొద్దున జనం ఎక్కువ కాకముందు చెరువు ఒడ్డున నిలబడి అరిచాను. అరవగానే ఏమైందనుకున్నావు? అప్పటికే నీళ్ళలో ఉన్న రెండు పడవలు తిరిగి ఒడ్డుకొచ్చాయి. తెలుగు ముక్క రాని వాళ్ళు! సూపర్‌వైజర్ తిట్టబోయి నవ్వాడు.

అవ్వకు, పెద్దనాయనకు నా దండాలు చెప్పు. సుజాతను బాగా చదువుకోమను, నిర్మల్ బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దను. పెద్దవాళ్ళంతా నన్ను చల్లగా ఉండమని దీవించండి.

ఒక్కటి ముందే చెప్పాలి, మైకు నొక్కి ఉలిక్కిపడతావని. రూముకొచ్చి విన్నప్పుడే నాకూ తెలిసింది. అరుపంతా అయ్యాక, నాకు తెలియకుండానే చివర ఒక మాట అన్నాను. "బావా, కుర్చీలు ఇడిసిపెట్టు, రా" అని. మళ్ళీ ఎక్కిద్దామని రెండుసార్లు బటన్ మీద వేలు పెట్టాను, చేతకాలేదు. వద్దనిపిస్తే ఎర్ర బటన్ నొక్కి తుడిచెయ్యి, ఫోన్ చెయ్యి, వేరేది పంపుతాను. ఉంచాలనిపిస్తే ఉండనీ.

నీ తమ్ముడు,
మల్లేశం