అమ్మ భుజం మీది ఎరుపు

యాష్ నగరం, మే

ప్రియమైన అక్కా,

ఒక చొక్కా ఎవరిది? కుట్టుకున్న మనిషిదా, ఆ తర్వాత దాన్ని చూసి నేర్చుకోవలసిన వాళ్ళందరిదా? అమ్మ పెళ్ళినాటి చొక్కాను నేను మా మ్యూజియానికి తెచ్చిన రోజు నుంచీ, ఏళ్ళ తరబడి, ఈ ప్రశ్న నా వెంటే ఉంది. బట్టల విభాగం చూసుకునేదాన్ని కనుక జవాబు నాకు తెలుసని అందరూ అనుకుంటారు.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో చెబితే నేను వాదనకు దిగుతానని రాసినట్టున్నావు, మంచి పనే చేశావు. అమ్మ గుండె నీరసించిందనీ, మంచం దిగడం తగ్గిందనీ, ఆ చొక్కా తెమ్మని రోజూ అడుగుతోందనీ రాశావు. ఎందుకో నువ్వు రాయలేదు, రాయనక్కరలేదు. మన లోయలో ఆడవాళ్ళు మట్టిలోకి వేసుకెళ్ళే చొక్కాను బతికుండగానే సిద్ధం చేసుకుంటారు కదా.

కానీ అక్కా, ఆ భుజం కుట్టు, దాని కింద తేనెరంగు పట్టీ, అక్కణ్ణుంచి మణికట్టు దాకా నదుల్లా జారే ఎర్రటి కుట్టు వరసలు, అలాంటిది ఇంకొకటి మన వైపు మిగల్లేదు. పూడ్చిపెడితే కొన్నేళ్ళకు పోగు కూడా దొరకదు. మీ పక్కింటి గ్లికేరియా చేత అచ్చం అలాంటిదే కుట్టిస్తాను. ఫోటోలు పంపుతాను. అమ్మకు నెమ్మదిగా చెప్పి చూడవూ.

నీ చెల్లెలు
లుక్రేత్సియా

*

ఊరి నుంచి, జూన్

ప్రియమైన లుక్రా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. మొక్కజొన్న సంకటి తింటూ మొత్తం విన్నది. చెంచా కింద పెట్టి, "గ్లికేరియా కుడుతుందా? బాగానే ఉంది. పైకి వెళ్ళాక మా అమ్మ నా భుజం చూసి, 'నువ్వు గ్లికేరియా వాళ్ళ పిల్లవి కదూ, ఆ పక్క గుమ్మానికి పో' అంటుంది" అన్నది.

నవ్వకు. పోయినవాళ్ళు మనవాళ్ళను భుజం మీది కుట్టును బట్టే పోల్చుకుంటారన్నది మనకు చిన్నప్పుడు కథ. అమ్మకు ఇప్పటికీ కథ కాదు.

గ్లికేరియాను కూడా అడిగి చూశాను. "ఇంకోళ్ళ భుజం కుట్టు దించుకుంటే దొంగతనం కాదుటే కసాండ్రా? ఒక్క రెమ్మయినా మార్చకపోతే నా చెయ్యి ఊరుకోదు" అంది. నువ్వు గోడంత ఫోటో పంపినా మారుస్తుంది.

అమ్మ ఇంకో మాట కూడా అంది. "చలికాలానికి దుంపలు దాచినట్టు దాన్ని అద్దం వెనక దాచారు. ఎవరికి వండి పెడతారట?" అని.

ఆ రోజొచ్చినప్పుడు అమ్మకు నీళ్ళు పోసేది నేను, బట్ట తొడిగేది నేను. నువ్వు బస్సు దిగేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఏం తొడగమంటావో నువ్వే చెప్పు. లేదా తీసుకురా.

మీ అక్క
కసాండ్ర

*

యాష్, జులై

ప్రియమైన అక్కా,

కుట్టిన ఊళ్ళోనే పెట్టి పరిశీలించాలని చెప్పి, చొక్కా బయటికి తెచ్చేందుకు మా మ్యూజియం పెద్దావిడను ఒప్పించాను. క్రిస్మసు ముందు తిరిగి ఇవ్వాలి. కాగితం మీద సంతకం నాది. ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది, పోవడం న్యాయం కూడా.

ఈ నెలలోనే ఎలియా పండుగకు వస్తాను. చొక్కా అమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళిపోతాను. ఆమె ఏం చెయ్యమంటే అది చెయ్యి. నన్ను మళ్ళీ అడగవద్దు, అడిగితే మనసు మార్చుకుంటాను.

ఇది సరైన పనేనని మాత్రం రాయలేను. ఆ కుట్టును రేపు చూడవలసిన వాళ్ళ ముఖాలు నాకు తెలియవు, అమ్మ ముఖం తెలుసు. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

నీ
లుక్రా

*

ఊరి నుంచి, నవంబరు

ప్రియమైన చెల్లీ,

శవపేటిక పక్కన నిలబడి నువ్వు అమ్మ భుజం వైపు చూశావు. తర్వాత నా వైపు చూశావు. అందరి ముందూ అడగలేక, చావింట్లో పంచే దీవించిన గోధుమలు ఒక చెంచా తిని బస్సెక్కావు. ఇప్పుడు చెబుతాను.

ఎలియా పండుగకు వచ్చి నువ్వు వెళ్ళిన మర్నాడే అమ్మ నన్ను దుకాణానికి పంపింది. నలుపు దారం, పండిన రేగు రంగు దారం తెమ్మంది.

"ఇదుండగా కొత్త దారమెందుకమ్మా? వేసుకెళ్ళడానికే కదా తెప్పించుకున్నావు?"

"మతి పోయిందా? ఇంత ఎరుపుతో నన్ను పంపిద్దామనుకున్నారా ఇద్దరూ? మా అమ్మ గుర్తుపడుతుంది సరే, సిగ్గుతో మొహం తిప్పుకుంటుంది. ముసల్దానికి మళ్ళీ పెళ్ళా అంటుంది. కుట్టు సగం మర్చిపోయాను, చూసి కుట్టుకోడానికి అడిగాను."

మన ఊళ్ళో పెళ్ళికూతురికి ఎరుపు, పిల్లల తల్లికి ముదురు ఎరుపు, ముసలితనానికి నలుపు. నీకు తెలుసు, నాకూ తెలుసు. ఒక్కరికీ తట్టలేదు. ఆమె చావు గురించే ఆలోచిస్తూ ఆమె వయసు మర్చిపోయాం.

కొత్త చొక్కా కుడి భుజం తనే ముగించింది. ఎడమ భుజానికి కళ్ళు సహకరించలేదు. నేను కుడుతుంటే పక్కనే పడుకుని, "ముడి వెయ్యకే, ముడి పడితే ప్రాణం చిక్కుకుంటుంది" అని ఒకటే గోల. చివరి రెమ్మ మిగిలిపోయింది. అలాగే పంపించాం.

ఇక ఎర్రది. ఈ పెట్టెలో అదే ఉంది. "ఇది లుక్రాకి. మ్యూజియానికి కాదు. వచ్చే ఈస్టరుకి వేసుకోమను" అంది. నువ్వు పోయాక ఏడాది దాకా నల్లబట్టలేగా అంటే, "నల్లబట్టలు నువ్వు కట్టుకో, నీకు నప్పుతాయి" అని నామీద పడింది. చివరికి చెప్పింది. "నీకు నువ్వు కుట్టుకున్నది ఉంది. దానికి సొంతానిది ఒక్కటీ లేదు. రేపు అది పైకి వచ్చినప్పుడు నేనెట్లా పోల్చుకోను?"

ఇవి ఆమె మాటలే, నేనేమీ కలపలేదు.

మీ అక్క
కసాండ్ర

*

యాష్, డిసెంబరు

ప్రియమైన అక్కా,

పెట్టె అందింది. నీ ఉత్తరం చదివాక వంటింట్లో నిలబడి చొక్కా తొడుక్కున్నాను. ఏళ్ళ తరబడి చేతితొడుగులు లేకుండా ముట్టుకోని బట్ట అది. భుజాలు నాకు సరిపోయాయి. మెడ లోపల కుట్టిన మ్యూజియం నంబరు పట్టీ మాత్రం గీరుకుంది. కత్తెర తీశాను, మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

ఇది ఎవరిదని అడగడమే తప్పేమో అనిపిస్తోంది. అమ్మ ఆ ప్రశ్న వెయ్యనే లేదు. తన కుట్టును తనతో తీసుకెళ్ళింది, పాత బట్టను ఎవరు తొడుక్కోవాలో చెప్పింది.

నువ్వు ఒప్పుకోకపోయినా ఒకటి చెప్పాలి. వసంతంలో నేత బడి నుంచి ఆడపిల్లలు వస్తారు. ఈ కుట్టును వాళ్ళకు చూపిస్తానని నేనే మాటిచ్చాను. వాళ్ళ తల్లులకు కూడా ఇది రాదు. ఫోటో చూపించవచ్చు. ఫోటోలో బట్ట వెనకవైపు కనిపించదు, నేర్చుకోవలసింది అక్కడే ఉంటుంది.

చనిపోయాక గుమ్మాలుంటాయని నేను నమ్మను. నమ్మకుండానే, ఆ గుమ్మంలో అమ్మ ఎవరెవరి భుజాలో వెతుకుతూ నిలబడటం రోజూ కళ్ళ ముందు మెదులుతోంది. నన్ను దాటి వెళ్ళిపోతుంది.

సోమవారం చొక్కా మ్యూజియానికి అప్పగించాలి. అప్పగిస్తానో, ఊరంతా నల్లబట్టల్లో నన్ను చూడాలనుకునే ఆ ఈస్టరు రోజున ఎర్ర భుజాలతో నీ ఇంటికి వస్తానో, నాకు నిజంగా తెలియడం లేదు అక్కా. తెలిసినట్టు రాయలేను.

నీ
లుక్రేత్సియా