బొమ్మ పోయిన చోట వండిన సూప్

చిన్నీకి, నా పిల్లల్లో నా మాట చివరిదాకా వినే ఓపిక ఉన్నదానికి,

మీ అమ్మ చెప్పి రాయిస్తున్నది. రాస్తున్నది మీ వదిన. ఇందులో ఆవిడ మీద కూడా ఫిర్యాదు ఉంది. అయినా ఆవిడే రాయాలి, ఈ ఇంట్లో కలం పట్టుకుని నా పక్కన కూర్చునే తీరిక ఇంకెవరికీ లేదు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. చివర్లో చదివించుకుంటాను. నాకు అక్షరం రాదు గానీ నా మాట నాకు తెలుసు, ఒక్కటి తగ్గినా పట్టుకుంటాను.

నన్ను వచ్చి తీసుకుపో. ముందు ఆ మాట చెప్పేశాను. ఎందుకో కూడా చెప్తాను, విని నువ్వే తీర్పు చెప్పు.

నీ అన్న ఇంటి ముందు గదిలో హోటలు పెట్టి, గోడకి నల్ల బోర్డు తగిలించి, దాని మీద నా వంటలన్నీ రాయించాడు కదా. పడవలో వేయించిన చేప, జైలు రొట్టె, రైలు దొంగల గుడ్లు, ఎదురుచూసే ఆవిడ సూప్. అన్నీ మీరు చిన్నప్పుడు తిన్నవే. తినడానికి వచ్చినవాళ్ళు, "ఇవన్నీ సినిమాల్లోవా, ఎలా పట్టారండీ మీరు?" అని వంటింట్లోకి తొంగి చూసి అడుగుతారు. ఏం చెప్పను? సినిమా హాల్లో మీ నాన్నకి క్యారియర్ పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా ఆపరేటర్ కేబిన్‌లో ఆ గోడకున్న చిన్న అద్దం కిటికీ దగ్గర నిలబడేదాన్ని. మిషన్ల మోతలో ఒక్క మాట వినపడేది కాదు. తెర మీద నోళ్ళు కదిలేవి, కథ నేనే అల్లుకునేదాన్ని. వాళ్ళు ఏం వండుతున్నారో, ఏం తింటున్నారో మాత్రం కళ్ళతో ఎత్తుకొచ్చేదాన్ని. అన్నీ నలుపు తెలుపు బొమ్మలాయె. "ఆ చేపకి పూసింది ఎరుపా, పసుపా?" అని అడిగితే, "నీకు నచ్చిన రంగు పూయి, వాళ్ళేమన్నా మనింటికి భోజనానికి వస్తారా?" అనేవారు మీ నాన్న.

ఇక ఆ ఎదురుచూసే ఆవిడ సూప్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. సినిమాలో ఒకావిడ మొగుడు ఎక్కడికో పోయి తిరిగిరాడు. ఆవిడ నేల మీద కూర్చుని పిండి జల్లిస్తుంది, నీళ్ళు పోసి ఉండలు కట్టకుండా కలుపుతుంది, పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఏడుస్తుంది. గరిటె పైకెత్తి, జారుతోందో లేదో చూసి, ఊదుతుంది. సరిగ్గా అక్కడ బొమ్మ పోయింది. హాలంతా చీకటి, ఈలలు, కేకలు. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడి ఉంది, పక్కన గిన్నె ఖాళీ. సరే, మొగుడు వచ్చి తిని ఉంటాడు, ఇప్పుడు సాగనంపుతోంది అనుకున్నాను. ఇంటికొచ్చి అదే చేశాను. వట్టి పిండి నీళ్ళేం బాగుంటాయని పాలు పోశాను, వెన్న వేశాను, మిరియాలు దంచి చల్లాను.

ఎవరైనా బయట దెబ్బ తిని ఇంటికొస్తే ఆ రోజు ఆ సూపే. నీ అన్న ఉద్యోగం ఊడి వచ్చినప్పుడు అదే పెట్టాను. నీ వార్డులో మొట్టమొదటి పేషెంటు పోయిన రోజు నువ్వు యూనిఫాం కూడా విప్పకుండా గిన్నెడు తాగి, అలాగే గోడకి ఆనుకుని నిద్రపోయావు. ఒక్క పోస్టర్లు అంటించే ఆయన, అదే మన జిగురాయన, ఆయనకి మాత్రం పడలేదు. ఓసారి భోజనానికి కూర్చుని, మొదటి గుటకకే పొలమారి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. మళ్ళీ మన ఇంట్లో తిననే లేదు.

ఇక జరిగింది విను. నీ అన్న ఆ సినిమా ఎక్కడో వెతికి పట్టుకొచ్చాడు. హోటల్లో గోడకి తెల్ల దుప్పటి కట్టి, "ఇవాళ సినిమా చూస్తూ అదే సూప్ తాగండి" అని అందర్నీ పిలిచాడు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకూ సంబరంగానే ఉంది, దాస్తే ఏమొస్తుంది. ఆవిడ పిండి కలిపింది, తిప్పింది, ఊదింది. ఈసారి బొమ్మ పోలేదు. ఆవిడ గిన్నె చంకన పెట్టుకుని వీధిలోకి వెళ్ళింది. మొగుడి ఫొటో వేసిన కాగితాలు తీసింది. ఆ గిన్నెలో చెయ్యి ముంచి గోడకి పూసింది. కాగితం అంటించింది. ఇంకో గోడ. ఇంకో గోడ.

జిగురు, చిన్నీ. అది మైదా జిగురు.

వెనక బల్ల దగ్గర డ్రాయింగ్ మాస్టారు గిన్నె పైకెత్తి, "అమ్మగారూ, ఇంకాస్త పోయించండి, మా ఇంటి కిటికీ కాగితం ఊడిపోయింది!" అన్నాడు. ఇక చూడు నవ్వులు. ఒకడు చెంచా బోర్లించి, "చూడండి, పడటం లేదు!" అంటాడు. నీ అన్న కూడా నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. మీ వదిన నవ్వలేదు గానీ నవ్వకండని కూడా అనలేదు, అదీ ఆవిడ మీద నా ఫిర్యాదు. ఇదుగో, రాస్తోంది, ముఖం ఎర్రబడింది.

పొద్దున్నే నీ అన్న వచ్చి, "అమ్మా, బోర్డు మీంచి ఆ పేరు తీసేద్దాం, వైట్ సూప్ అని రాద్దాం. లేకపోతే నవ్వులపాలవుతాం," అన్నాడు. తీసేసుకో అన్నాను. పొయ్యి కూడా నువ్వే చూసుకో అన్నాను. అప్పటినుంచి వంటింటి గడప తొక్కలేదు. నా మోకాళ్ళు ఎన్నాళ్ళనుంచో వద్దు వద్దంటున్నాయి, ఇప్పుడు మనసు కూడా వాటితో చేరింది. అలిసిపోయాను తల్లీ. ఎప్పుడొస్తావో రాయి.

చదివించుకున్నాను, అంతా సరిగానే ఉంది.

మీ అమ్మ
(ఇంకు దొరకలేదు, వేలిముద్రకి పెనం అడుగు మసి అద్దాను)

•

చిన్నీకి, తీర్పు చెప్పమంటే ఓదార్పు పంపినదానికి,

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. "ఇంత చిన్నదానికి అలుగుతారా అమ్మా, నువ్వు కూడా నవ్వేసి ఊరుకోవాల్సింది" అని రాశావు. నవ్వలేక కాదు. డ్రాయింగ్ మాస్టారి మాటకి ఇంకో రోజైతే నేనే ముందు నవ్వేదాన్ని. ఆయన ముక్కుకి కూడా అదే జిగురు పూసి పంపేదాన్ని. ఊరివాళ్ళ నవ్వు నాకొక లెక్కా?

మొదటి ఉత్తరంలో ఒక మాట మింగేశాను. రాసేది మీ వదిన కాబట్టి మింగాను. ఇప్పుడు ఆవిడ విన్నా సరే, కక్కేస్తాను. దాచుకునే ఓపిక కూడా లేదు.

మీ నాన్నకి తెలుసు.

ఒక్కసారి ఆలోచించు. ఆ సినిమా రోజుకి మూడు ఆటలు వేసిన మనిషి. ఏ రీల్లో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. పక్క గదిలో జిగురాయన దినం తప్పకుండా మైదా ఉడికిస్తూనే ఉండేవాడు, ఆ వాసన కేబిన్‌లోకి వచ్చేది. నేను సూప్ గిన్నె ముందు పెట్టినప్పుడు అది ఏమిటో ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసి తాగారు. పోయేదాకా తాగారు. "బాగుంది, ఇంకాస్త పలచగా ఉంటే ఇంకా బాగుంటుంది," అనేవారు ప్రతిసారీ. పలచగా! ఇప్పుడు అర్థమవుతోంది నాకు.

నేను చదువుకోలేదని ఆయన ఒక్క రోజు ఎత్తిపొడవలేదు. బస్సు మీద పేరు చదివి చెప్పేవారు, మందు సీసా మీద రాసింది చదివి చెప్పేవారు, ఎక్కడా విసుక్కోలేదు. అందుకే నాకు ఆయన దగ్గర సిగ్గుండేది కాదు. తెలియనిది తెలియదని అడిగేదాన్ని. మరి ఇదొక్కటి ఎందుకు చెప్పలేదు? నేను గరిటె తిప్పుతూ, "చూడండి, ఆవిడ ఇలాగే ఊదింది కదూ," అంటూ మురిసిపోతుంటే లోపల్లోపల నవ్వుకున్నారా? కేబిన్‌లో స్నేహితులకి చెప్పి నవ్వించారా? పిచ్చిది, జిగురు వండి పెడుతుందని.

మీ వదిన కలం ఆపి నా వంక చూస్తోంది. రాయమన్నాను.

పోయిన మనిషిని నిలదీయలేను. నా జీవితంలో నాకు నచ్చిన రోజులన్నీ ఆ చిన్న అద్దం దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు వాటిని తలుచుకుంటే, నేను తెర వైపు చూస్తున్నాను, ఆయన నా వెనక నిలబడి నన్ను చూసి నవ్వుతున్నారు. నాకు అలాగే కనిపిస్తోంది. ఈ ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా అదే. ఇక్కడ ఉండలేను. నీకు డ్యూటీలు కుదరకపోతే చెప్పు, నేనే బస్సెక్కుతాను. బట్టలు మూట కట్టేశాను.

మీ అమ్మ
(ఇవాళ కూడా మసే)

•

చిన్నీ, నా బంగారు తల్లికి,

బయల్దేరకు. సెలవు పెట్టి ఉంటే రద్దు చేసుకో. ఇంకా పెట్టకపోతే, మరీ మంచిది.

నిన్న నేను మూట పక్కన పడుకుని ఉన్నాను. మీ వదిన ఎక్కడికో వెళ్ళి, వెంట జిగురాయన్ని పట్టుకొచ్చింది. రెండో ఉత్తరం రాసిన దగ్గర్నుంచి ఆవిడ ఆలోచిస్తోందట, ఆ హాల్లో పనిచేసినవాళ్ళలో ఇంకా బతికున్నదెవరని. నాతో మాట మాత్రం అనలేదు. ఆవిడ మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. వద్దు అంటోంది, రాయనంటోంది. రాయి. నా ఉత్తరం ఇది.

జిగురాయన బాగా ముసలివాడైపోయాడు. చేతికర్ర గోడకి ఆనించి, కుర్చీలో ఒరిగి, "ఏం వదినా, అన్న మీద కేసు పెట్టావట?" అన్నాడు. మీ నాన్నని ఆయన అన్న అనే పిలిచేవాడు కదా.

"పెట్టాను. నువ్వు సాక్షివి. నిజం చెప్పు, నా మీద ఎంత నవ్వుకున్నారు మీ ఇద్దరూ?"

"నవ్వడమా! ఆ రోజు మీ ఇంట్లో నేను ఒక గుటక వేసి గుర్తుపట్టేశాను. నా సరుకు నాకు తెలియదా? నోరు తెరవబోయాను. మీ ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు చూడూ, వారం రోజులు కుంటుతూ తిరిగాను. పొలమారింది సూప్‌కి కాదమ్మా, ఆ తొక్కుడికి."

నాకు నవ్వు రాలేదు. అడగాల్సింది ఇంకా అడగలేదు మరి. "ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను.

ఆయన కుర్చీలో కాస్త ముందుకి జరిగి, "వదినా, ఆ సినిమా వచ్చినప్పుడల్లా నువ్వు పిల్లల్ని తీసుకొచ్చేదానివి గుర్తుందా? 'రండ్రా, మన సూప్ వస్తుంది' అని కిటికీ దగ్గర ఎత్తుకుని చూపించేదానివి. అక్కడ బొమ్మ పోయేది, గుర్తుందా?" అన్నాడు.

"పాత రీలు కదా. అక్కడ తెగేది."

"మొదటిసారి తెగింది, నిజమే. ఆ పూటే అతికించేశాడు. అన్న అతుకు వేస్తే మళ్ళీ తెగడమా? ఆ తర్వాతంతా రేకు."

మిషన్లో దీపం ముందు ఒక రేకు మూత ఉండేది చిన్నీ, చేత్తో దించితే వెలుగు ఆగిపోయేది. నేను అద్దానికి ముఖం ఆనించి నిలబడితే, నా వెనక మీ నాన్న ఆ రేకు దించేవారట. ఆవిడ వీధిలోకి వెళ్ళి, అంటించి, తిరిగొచ్చి గుమ్మంలో నిలబడేదాకా దించి ఉంచేవారట. హాలంతా లేచి, "ఆపరేటర్ నిద్రపోయాడ్రా!" అని అరిచేది. నాకు బాగా గుర్తు. నేను కూడా ఆయన వైపు తిరిగి, "ఏమిటండీ, ఈ మిషన్‌కి ఎప్పుడూ ఇక్కడే రోగం?" అనేదాన్ని. మీ నాన్న నుదురు తుడుచుకుని, "ముసలిదైపోయింది," అనేవారు.

ఆ మనిషికి పని మీద ఎంత పట్టింపో నీకు తెలుసు. ఒక రీలు అయిపోయి ఇంకోటి ఎక్కేటప్పుడు తెర మీద చిన్న మచ్చ పడినా ఆ పూట సరిగ్గా అన్నం తినేవారు కాదు. అలాంటి మనిషిని మేనేజర్ అందరి ముందూ నిలబెట్టి ముఖం వాచేలా తిట్టాడట. జిగురాయన అక్కడే ఉన్నాడు. తర్వాత మెట్ల మీద, "ఎందుకన్నా ఈ మాటలు పడటం? వదినకి చెప్పేస్తే పోదా?" అని అడిగాడట.

"ఆవిడ కథలో వాడు ఇంటికొచ్చి తిన్నాడురా. మనం చూపించే కథలో రాడు. నాకు ఆవిడదే బాగుంది," అన్నారట మీ నాన్న.

మీ వదిన లోపలికి వెళ్ళి చాలాసేపు గిన్నెలు కడిగింది. కడగాల్సిన గిన్నెలేమీ లేవు.

కోపం పూర్తిగా పోయిందనుకోకు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నవ్వుకోవాల్సిన మాట, ఆయన ఒక్కరే ఉంచుకుని పోయారు. ఆ పోరు ఆయనతో ఇంకా ఉంది, చూసుకుంటాను. కానీ వెనక నిలబడి నవ్వుతున్న మనిషి మాత్రం ఇక కనపడటం లేదు. రేకు పట్టుకుని, చెమటలు కక్కుతూ, తిట్లు తింటూ నిలబడ్డ మనిషి కనపడుతున్నారు.

మూట విప్పించాను. లేచి వంటింట్లోకి వెళ్ళాను. నీ అన్న హడావిడిగా వెనకే వచ్చి, "అమ్మా, కూర్చో, నేను చేస్తాను, ఎలాగో చెప్పు చాలు," అన్నాడు. "ముందు బోర్డు మీద పేరు మళ్ళీ రాయి, తర్వాత నేర్చుకుందువు గాని," అన్నాను. వాడు ముక్కు ఎగబీలుస్తూ వెళ్ళి రాశాడు. సరిగ్గా రాశాడో లేదో మీ వదిన చేత చదివించుకున్నాను. డ్రాయింగ్ మాస్టారు వస్తే ఆయనకే మొదటి గిన్నె. నవ్వుతాడు, నవ్వనీ.

ఈసారి కాస్త పలచగా చేశాను. ఆయన చెప్పింది నిజమే, బాగుంది. ఇన్నాళ్ళూ వినలేదు. జిగురాయన గిన్నె ఖాళీ చేసి, "ఇప్పుడు గోడకి పనికిరాదు వదినా," అన్నాడు. అదే మెచ్చుకోలు.

మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. గిన్నె దించగానే కూలబడ్డాను. ఇది కూర్చునే చెప్తున్నాను. గిన్నె అడుగున మిగిలింది గీకి, ఆ చిక్కటి ముద్దతోనే ఈ కవరు అంటించమన్నాను. మీ వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇప్పుడు నవ్వొచ్చు.

బాగా పట్టుకుంటుంది, ఊడదు. మిరియం పలుకులు కనపడే చోట వదిలేసి, పక్కనుంచి చింపుకో.

మీ అమ్మ
(వేలిముద్రకి మసి అక్కర్లేకపోయింది, ముద్ద అంటుకుని వేలు తెల్లగానే ఉంది)