సోడా మంటలు

పర్చూరు, ఏప్రిల్ 4

జ్వాలాంతక ఫైర్ సర్వీసెస్ (గుంటూరు) మేనేజరు మాధవీలత గారికి,

రోశయ్య నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా కుశలం ప్రస్తుతం మీ చేతుల్లోనే ఉంది.

మా జిన్నింగ్ మిల్లుకి ఫిబ్రవరిలో మీరు బిగించిన మంటలార్పే సిలిండర్లు నాలుగూ ఖాళీ. మీ సరుకుని మెచ్చుకోకుండా ఉండలేను. సిలిండరు మూతికున్న నల్ల బాకా అలా ఎత్తామో లేదో, ఇలా చల్లబడిపోతుంది! వెంటనే గ్యాసు నింపించి పంపండి. వాట్సాప్ పెడితే మీవాళ్ళు కాగితం మీద సంతకం కావాలన్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
రోశయ్య

తా.క.: ఇంతకన్నా పెద్ద సైజు ఉందా? మా ఆవిడ వంటింటికి కూడా ఒకటి అడుగుతోంది.

గుంటూరు, ఏప్రిల్ 7

రోశయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కాళ్ళూ చేతులూ ఆడలేదండి. రెండు నెలల్లో నాలుగు సిలిండర్లా! మంట లేచింది కరెంటు ప్యానెల్లోనా, పత్తి గుట్టల్లోనా? ఎన్నిసార్లు? ఎవరికైనా దెబ్బలు తగిలాయా? రూలు ప్రకారం మీ బీమా కంపెనీకి తెలియజేశాను. సిలిండర్లు నింపించి ఈరోజే పంపుతున్నాను.

భవదీయురాలు,
మాధవీలత

తా.క.: వంటిల్లు కూడా అంటుకుందా?

పర్చూరు, ఏప్రిల్ 10

అమ్మా మాధవీలత గారూ,

ఎన్నిసార్లంటే రోజుకి రెండు. పదకొండింటికి ఒకటి, మూడింటికి ఒకటి. ఆదివారం సెలవు.

మంటలేమిటి తల్లీ, శుభమా అని! సోడాలు! మీ మెకానిక్ వాడకం చూపిస్తూ ఒక్కసారి నొక్కితే పక్కనున్న బకెట్ మీద తెల్లగా మంచు పేరుకుంది. ఇన్నాళ్ళూ ఐసు కోసం చీరాల దాకా మనిషిని పంపిన మా తెలివికి సిగ్గేసింది. ఇప్పుడు గంగాళంలో సోడాలూ మజ్జిగ కుండా పెట్టి, తడి గోనె కప్పి, సందులోంచి బాకా దూర్చి ఒక్క నొక్కు. పత్తి ఏరే ఆడవాళ్ళూ లారీ డ్రైవర్లూ మీ కంపెనీని రోజూ దీవిస్తున్నారు.

ఇట్లు,
రోశయ్య

తా.క.: బాకా గట్టిగా పట్టుకుని మా పనివాడు నజీర్ చేతికి బొబ్బలెక్కాయి. చలికి బొబ్బలెక్కడం నేనైతే ఇదే చూడటం.

గుంటూరు, ఏప్రిల్ 12

రోశయ్య గారికి,

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అది ఫ్రిజ్జు కాదండీ! మూసిన గదిలో కొడితే మనుషులకి ఊపిరాడదు. చుట్టూ అంత పత్తి పెట్టుకుని సిలిండర్లు సోడాలకి ఖర్చు చేస్తారా? నెలాఖరుకి మీ బీమా గడువు తీరుతుంది. వాళ్ళు కొనసాగించకపోతే బ్యాంకు అప్పివ్వదు, మిల్లుకి తాళం పడుతుంది. మీ దగ్గర పనిచేసేవాళ్ళంతా రోడ్డున పడతారు.

ఇకనుంచి మంట లేచిందనీ, దాన్ని ఆర్పామనీ రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తేనే గ్యాసు నింపుతాం. రిపోర్టు లేనిదే చుక్క గ్యాసు రాదు.

మాధవీలత

తా.క.: నజీర్ గారిని డాక్టరుకి చూపించండి. ఖర్చు మీదే.

పర్చూరు, ఏప్రిల్ 24

అమ్మా,

మీ ఆజ్ఞ ప్రకారం రిపోర్టులు జతచేశాను. సోమవారం పదకొండింటికి మంట, ఆర్పాం. మూడింటికి మంట, ఆర్పాం. మంగళవారం కూడా అంతే.

కంగారుపడకండి. ఆరుబయట, ఇనప పళ్ళెంలో గుప్పెడు పత్తి చెత్త. పక్కనే నీళ్ళ బకెట్లు. మంటకి ఒక నొక్కు, మిగిలింది వృథా పోకుండా సోడాలకి. నజీర్ చేతికి తోలు తొడుగు కొన్నాను. ఇంతకన్నా పద్ధతిగా ఎవరుంటారు?

పైకి ఇలా రాస్తున్నానుగానీ, మీరు బీమా మాట ఎత్తిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మా నాన్న పెట్టిన మిల్లిది. నా సోడా సరదాకి అది మూతపడితే, కోటేశ్వరి లాంటి వాళ్ళకి నేను ముఖం ఎలా చూపించను? భర్త పోయాక ఆ మనిషి ఇక్కడి కూలితోనే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. చాలా భయంగా ఉందమ్మా.

రోశయ్య

తా.క.: బీమా సర్వేయరు నాలుగు రోజుల్లో వస్తున్నారట. ఆయన సోడా మనిషా, మజ్జిగ మనిషా, కాస్త కనుక్కుంటారా?

గుంటూరు, ఏప్రిల్ 30

రోశయ్య గారికి,

భయం వదిలేయండి. మీ బీమా కొనసాగించారు. పైగా ప్రీమియం తగ్గించారు!

సర్వేయరు గారి రిపోర్టు నా ముందే ఉంది. “ఈ మిల్లులో రోజుకు రెండు అగ్నిప్రమాదాలు జరుగుచున్నను నేటివరకు ఒక్క పత్తి పింజ కూడా కాలలేదు. ఇంతటి అప్రమత్తత నా సర్వీసులో ఎరుగను” అని రాశారు. ఉండబట్టలేక ఆయనకి ఫోన్ చేసి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేశాను. “సిబ్బందికి శీతల పానీయాలు అందజేయుట కూడా గమనించితిని” అని కింద ఇంకో వాక్యం చేర్చారు. ఇక నా వల్ల కాదు. గ్యాసు పంపుతున్నాను.

భవదీయురాలు,
మాధవీలత

తా.క.: మీ పక్క మిల్లు ఆదెయ్య గారికి మాత్రం బీమా ఆపేశారు. పన్నెండేళ్ళుగా అక్కడ నిప్పురవ్వ కూడా లేవలేదట, సిలిండర్ల సీలు కూడా ఊడలేదట. కాబట్టి అవి పనిచేస్తాయనడానికి రుజువు లేదన్నారు. పాపం ఆయన పొద్దున్నే ఫోన్ చేసి, “మంట ఎలా పెట్టాలమ్మా?” అని అడిగారు. మీ నంబరు ఇచ్చాను.