ఎర్రమట్టిలో నోరు మూసుకున్న మిషను

మంగళవారం, రాత్రి

ఈరోజు ఘాట్ రోడ్డు కల్వర్టు దగ్గర మందుపాతర ఉందేమోనని మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొద్దున్నుంచీ నడిచాను. ఆ ఎర్రమట్టి నిండా ఇనుమే. అడుగేస్తే చాలు, మిషను ఒకటే గోల. అలాంటి చోట పది అడుగులకోసారి ఆగి, మిషన్ని ఆ మట్టికి తగ్గట్టు సరిచేసుకోవాలి. బాంబ్ స్క్వాడ్ ట్రైనింగులో నేర్పిందే. ఎండకి విసుగొచ్చి సెన్సిటివిటీ బాగా తగ్గించేశాను. హాయిగా నోరు మూసుకుంది.

దాటొద్దని నేను దూరంగా ఆపిన ముసలమ్మ, నెత్తిన కాఫీ పళ్ల బుట్టతో అంతా చూస్తోంది.

"ఏటి బాబూ, ఇందాక ఒకటే అరుపు, ఇప్పుడు అరవదేటి? మట్టి అదే కదా?"

తల కొట్టేసినట్టయింది. అంతగా తగ్గిస్తే కింద మందుపాతర ఉన్నా మిషను అరవదు. సరిచేసుకుని మొదట్నుంచీ మళ్లీ నడిచాను. ఏమీ లేదు. అయినా ఆవిడ కల్వర్టు దాటేదాకా ఆవిడ అడుగుల్నే చూస్తూ ఉన్నాను.

నా భయం ఆ కల్వర్టు గురించి కాదు. పోయిన వారం బడి దారి కూడా ఇలాగే మిషను నోరు నొక్కేసి చూశాను. అంతా బాగుందని సంతకం పెట్టాను. రేపు బడి గంట కొట్టకముందే వెళ్లి మళ్లీ చూడాలి. ఎందుకని మా స్క్వాడ్ సార్ అడిగితే నిజం చెప్పగలనా...

వారం నుంచీ పిల్లలు నా సంతకం మీదే నడుస్తున్నారు.