మంచు పడేలోపు పడవ పని

ఊర్హో, చీకటి పడేలోపు పడవ పని ముగించు. ఈ రాత్రి సరస్సు ఒడ్డు గడ్డకడుతుందని రేడియోలో చెప్పారు. నేను మా అక్క దగ్గరికి కుయోపియో వెళ్తున్నాను, ఆదివారం వస్తాను.

ఈ వేసవంతా మనం తిరిగింది రెండుసార్లేగా, ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉంది. అది పాడవకుండా మందు కలిపి, ఇంజన్ లోపలికంతా చేరేలా కాసేపు నడిపాను. ఇక ఆయిల్ మార్చడం నీ పని. కింది గేరు ఆయిల్ పాలలా తెల్లగా వస్తే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టే, నాకు ఫోన్ చెయ్యి. ఇంజన్‌ను నిలువుగానే ఉంచి నీళ్ళన్నీ కారిపోనివ్వు, లేకపోతే అవి గడ్డకట్టి అది పగులుతుంది. దీపాల బ్యాటరీ ఇంట్లో పెట్టు. పోయినేడాదిలా ఆవిరి స్నానాల గదిలో పెట్టావంటే ఊరుకోను.

ఆపరేషన్ అయిన భుజంతో ఏదీ ఎత్తకు. పక్కింటి పావోని పిలువు. పొయ్యి మీద చేపల పులుసుంది, అతనికీ పెట్టు.

అన్నట్టు, పడవ అమ్ముతానని పేపర్లో వేయించావట. పొద్దున ఒకాయన ఫోన్ చేసి, "ఇంజన్ ఎలా ఉందమ్మా?" అన్నాడు. "నడి సరస్సులో దగ్గి ఆగిపోతుందండీ" అన్నాను. టక్కున ఫోన్ పెట్టేశాడు.

ఆ భుజంతో ఇంజన్ స్టార్టర్ తాడు లాగలేననేగా నీ దిగులు? ఒక్క మాట నాతో అనొచ్చుగా. నువ్వు ఆస్పత్రిలో ఉండగానే పావో దగ్గర నేర్చుకున్నాను. మంచు కరిగాక తాడు నేను లాగుతాను. చుక్కానికి ఒక్క చెయ్యి చాలు, అది నువ్వే పట్టుకో.

హిల్కా